ఒక వైపు మూరెడు కుచ్చు

సలైను సీసాకు నాలుగు చోట్ల ఎర్ర నూలుపోగు కట్టాను. సీసా మీద గీతలూ అంకెలూ ఉన్నాయి గానీ అంత సన్న అంకెలు నా కళ్లకు ఆనవు. తువ్వాళ్లు నేసేటప్పుడు ఒకటి ఎక్కడ అయిపోయి ఇంకొకటి ఎక్కడ మొదలవుతుందో తెలియడానికి అంచున రంగు పోగుతో గుర్తు పెట్టుకుంటాం. ఇక్కడా అదే పద్ధతి. ఒక పోగు నుంచి ఇంకో పోగు దాకా నీళ్లు దిగితే వంద మిల్లీలీటర్లు. వంద దిగితే ఆ రోజుకు పిల్లి పని అయిపోయినట్టు. ఐదు రోజులకు ఒక సీసా. ఆరో తరగతి మధ్యలో బడి వదిలి పారిపోయి వచ్చినవాడి చేతికి వైద్యం వస్తే ఇట్లాగే ఉంటుంది.

మేముండేది సోలాపూర్ దాజీ పేట్‌లో, కార్ఖానా వెనక గదిలో. గదికీ కార్ఖానాకూ మధ్య ఒకటే గోడ. అవతల ఇరవై నాలుగు మరమగ్గాలు. మావాళ్లు వాటిని సాంచాలంటారు. పన్నెండేళ్ల వయసులో వాటి మధ్యలోకి వచ్చాను, యాభై దాటినా బయటికి రాలేదు. గోడకు ఇవతల మా ఆవిడ చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతుంది. మగ్గాలు నడిచినంతసేపూ గిన్నెల స్టాండులో గ్లాసులు సన్నగా వణుకుతూ ఉంటాయి. బంధువులు వస్తే మొదటి రోజు భయపడతారు, రెండో రోజు అలవాటవుతుంది, మూడో రోజు వెళ్లిపోతారు. ఈ చప్పుడు వల్ల మాకున్న లాభాల్లో అదొకటి.

పిల్లి పుట్టింది ఆ చప్పుడులోనే. పదకొండేళ్ల కిందట మూలమగ్గం కింద, తెగిన దారాల కుప్పలో ఒక పిల్లి నాలుగు పిల్లల్ని పెట్టింది. మూడింటిని నోట కరుచుకుని ఎక్కడికో తీసుకుపోయింది. నాలుగోదాని కోసం తిరిగి రాలేదు. లెక్క తప్పిందేమో, అది కూడా ఆరో తరగతే చదివి ఉంటుంది. మిగిలినదాన్ని జేబులో వేసుకుని ఇంటికి తెచ్చాను. నెల రోజులు దాన్ని తెల్ల పిల్లి అనుకున్నాం. ఒకరోజు మా ఆవిడ తడిగుడ్డతో తుడిస్తే దూది అంతా ఊడి లోపలి నుంచి బూడిద రంగు బయటపడింది.

పేరు పెట్టలేదు. నేను పని దిగి రాగానే అది గోడ మీది నుంచి నా భుజం మీదికి దూకేది, అన్నం తినేటప్పుడు నా మోకాలికి ఆనుకుని కూర్చునేది, నేను పండుకుంటే కాళ్ల దగ్గర పండుకునేది. మా ఆవిడ వారం రోజులు చూసి, ఇది పిల్లి కాదు నా సవతి అన్నది. అదే నిలిచిపోయింది. వాడకట్టులో అందరికీ అది సవతే. కూరగాయల బండివాడు కూడా, సవతి ఎట్లుంది కాకా అని అడిగేవాడు. ఇద్దరిలో ఎవరి సంగతి అడుగుతున్నావని నేను అడిగేవాణ్ణి. పదకొండేళ్లు అదే జోకు. ప్రతిసారీ నవ్వేవాడు పాపం.

పోయిన చలికాలం అది నీళ్లు ఎక్కువ తాగడం మొదలుపెట్టింది. తన గిన్నెలోవి చాలక, మా ఆవిడ బీడీ ఆకు నానబెట్టే బకెట్లో మూతి పెట్టేది. తర్వాత తిండి తగ్గింది. వెన్నుపూస ఒక్కొక్కటీ చేతికి తగిలేది. నోట్లోంచి ఒక చెడు వాసన. భుజం మీదికి దూకబోయి ఒకరోజు సగంలో జారి కింద పడింది. పడ్డాక నా వైపు చూడలేదు, గోడ వైపు చూసింది. ఆ రోజే సంచిలో వేసుకుని అశోక్ చౌక్ దగ్గరి జంతువుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాం.

ఆమె మరాఠీ ఆవిడ, మా కూతురుంటే ఆ ఈడుండేది. రక్తం తీసి, మర్నాడు రమ్మని, కిడ్నీలు దాదాపు పోయాయని చెప్పింది. బాగు కావడం ఉండదట. రోజూ చర్మం కింద సలైను ఎక్కిస్తే కొన్నాళ్లు నడుస్తుందట. కొన్నాళ్లంటే ఎన్నాళ్లని అడిగితే వారాలు కావచ్చు, నెలలు కావచ్చు అన్నది. రోజూ తీసుకురావాలా అని అడిగాను. అక్కర్లేదు, మీరే ఇంట్లో ఎక్కించండి అన్నది. నేను నవ్వాను. ఆవిడా నవ్వుతుందని చూశాను. మా ఆవిడ కూడా నవ్వలేదు.

డాక్టరమ్మ బల్ల మీద చేసి చూపించింది. రెండు భుజాల నడుమ చర్మాన్ని వేళ్లతో పట్టి పైకి ఎత్తాలి. ఎత్తితే చిన్న గుడారంలా అవుతుంది. ఆ గుడారంలోకి సూది. ప్రతిసారీ కొత్త సూది. పది నిమిషాలు కదలకుండా పట్టుకోవాలి. నీళ్లు చర్మం కింద ఒంటె మూపురంలా నిలిచి, మెల్లగా ఒంట్లోకి ఇంకుతాయి. శాంత్ జాగా పాహిజే కాకా, అని రెండుసార్లు చెప్పింది. చప్పుడు లేని, అలజడి లేని చోటు కావాలట.

అదే నెలలో మాకు కుంభారి ఇంటి తాళంచెవి వచ్చింది. ఊరి బయట బీడీ పనివాళ్ల కోసం, మగ్గం పనివాళ్ల కోసం కట్టిన కాలనీ అది. మా ఆవిడ పేరు మీద ఇల్లు. కాగితాల మీద ఆమె పేరు రావడం, ఆధార్ కార్డును పక్కన పెడితే, అదే మొదటిసారి. ఒకరోజు బస్సులో వెళ్లి చూసి వచ్చింది. రెండు కిటికీలున్నాయి, వెనక తలుపుంది, కుళాయి ఇంట్లోనే ఉంది అని నాకు చెప్పింది. తర్వాత నేను అడగకుండానే ఇంకో రెండుసార్లు అదే చెప్పింది. తనతో బీడీలు చుట్టే ఆడవాళ్లలో సగం మంది అప్పటికే అక్కడికి మారిపోయారు. మేము పండుగ కాగానే మారాలనుకున్నాం. తాళంచెవిని దేవుడి పటం వెనక పెట్టింది. మధ్యలో సీసా వచ్చింది.

శాంతమైన చోటు అన్నది కదా డాక్టరమ్మ. మా గదిలో శాంతం వారానికి ఒకసారే వస్తుంది, కార్ఖానాకు సెలవు, మా మాటలో సుట్టీ రోజు. మొదటి సీసా మొదటి వంద ఆ రోజే మొదలుపెడదామని కూర్చున్నాం. కిటికీ మూశాం, ఫ్యాను ఆపాం, టీవీ ఆపాం. పక్కింటి ముసలాయనను దగ్గవద్దని బతిమాలాం. గదిలో చీమ నడిస్తే వినబడేంత నిశ్శబ్దం చేశాం. పిల్లి చెవులు నిక్కబొడుచుకుంది. సూది పొట్లం చింపిన చప్పుడుకే ఎగిరింది. పట్టుకుంటే మా ఆవిడ మోచేతి దాకా గీరింది. రెండోసారి సూది చర్మంలోంచి అవతలికి వచ్చి సలైనంతా నా లుంగీ మీద పడింది. మూడోసారి అటక ఎక్కి, బియ్యం డబ్బా వెనక దూరి, సాయంత్రం దాకా బయటికి రాలేదు. ఆ రోజు నీళ్లు పోయింది నా లుంగీలోకే, పిల్లి ఒంట్లోకి చుక్క పోలేదు.

మర్నాడు పొద్దున ఏడింటికి గోడ అవతల మగ్గాలు ఒకటొకటిగా మొదలయ్యాయి. గ్లాసులు వణికాయి. నేను పనిలో ఉన్నాను. మా ఆవిడ తర్వాత చెప్పింది, అటక మీది నుంచి పిల్లి తనంతట తానే దిగివచ్చిందట. గోడకు వీపు ఆనించి, చాట పక్కన కాళ్లు చాపి పండుకుంది. మా ఆవిడ బీడీ చుట్టడం ఆపి దాన్ని చాలాసేపు చూసింది. తర్వాత చాటలో ఉన్న ఆకూ జర్దా పక్కకు ఒంపేసి, పిల్లిని చాటలో పెట్టుకుని, కార్ఖానాలోకి నడిచి వచ్చింది. నా మగ్గాల పక్కన కింద కూర్చుని, సీసా తెమ్మని చేత్తో సైగ చేసింది.

దానికి శాంతం అంటే ఆ చప్పుడే. నిశ్శబ్దంలో అది ఎప్పుడూ బతకలేదు. డాక్టరమ్మకు తెలియదు సరే. పదకొండేళ్లు దాన్ని భుజం మీద మోసిన నాకూ తోచలేదు.

ఆ రోజు నుంచి పని ఒక దారిలో పడింది. మధ్యాహ్నం మూడింటికి మా ఆవిడ చాటతో వచ్చేది. ట్యూబులైటు వేలాడే పైపుకు సీసా కట్టేవాణ్ణి. నా మగ్గాలను పక్క మగ్గాలతను చూసుకునేవాడు. పిల్లిని నేను నేసిన తువ్వాలలో చుట్టి, తల తన చంకలో దాచుకుని ఆవిడ పట్టుకునేది. నేను ఆమె ఎదురుగా, పిల్లి వెనక కూర్చుని గుడారం ఎత్తి సూది గుచ్చేవాణ్ణి. పది నిమిషాలు. పిల్లి కదిలేది కాదు. కళ్లు సగం మూసుకుని మగ్గాల వైపు చూసేది.

కార్ఖానాలో మాట వినబడదు. ఇక్కడి వాళ్లం పెదాలు చూసి మాట తెలుసుకుంటాం. మా ఆవిడా నేనూ ఎదురెదురుగా పది నిమిషాలు కూర్చుని ఎన్నేళ్లయిందో. ఆమె పెదాలు మాత్రం కదిలేవి కాదు. నా పెదాలూ పెద్దగా కదలలేదు. సీసాలో బొట్లు, నూలుపోగు గుర్తూ చూస్తూ కూర్చునేవాళ్లం.

ఆ రోజుల్లో నీకెట్లా అనిపించింది అని తర్వాత ఒకరిద్దరు అడిగారు. నిజం చెబితే ఏమీ అనిపించలేదు. మగ్గం మీద నాలుగు వేల పోగులుంటాయి. అన్నీ చూస్తూ కూర్చోము. తెగినదాన్నే చూస్తాం, ముడి వేస్తాం, పక్కకు జరుగుతాం. నేనూ అట్లాగే చేశాను. చర్మం ఎత్తు, సూది గుచ్చు, బొట్లు చూడు, సూది తీయి, వేలితో నొక్కు, మగ్గం దగ్గరికి పో. రోజురోజుకూ గుడారం పలుచబడుతోందని వేళ్లకు తెలిసింది. వేళ్లు ఆ సంగతి పైకి చెప్పలేదు, నేనూ అడగలేదు.

జోకులు మాత్రం ఆగలేదు. అవి దారం లేకున్నా నడిచే రకం. పిల్లి మీద మూపురం లేవగానే, సోలాపూర్‌లో ఒంటె కావాలంటే రాజస్థాన్ దాకా పోనక్కర్లేదు అనేవాణ్ణి. పక్క మగ్గాలతను నవ్వేవాడు. నవ్వు కూడా పెదాల మీదే కనబడేది, వినబడేది కాదు.

కుంభారికి మారిన ఆడవాళ్లు చుట్టిన బీడీలు ఇవ్వడానికి వచ్చినప్పుడు మా గుమ్మం ముందు ఆగేవాళ్లు. వాళ్ల నోటికి నా నోరు ఆనదు. ఒకామె అన్నది:

"సర్కారు ఇల్లిచ్చింది గానీ వదినా, నీ సవతి ఇంకా పర్మిషన్ ఇయ్యలేదంట గదా."

మా ఆవిడ ఆకు కత్తిరిస్తూనే ఉంది, తల ఎత్తలేదు. ఇంకొకామె, నీ ఇంటి గడపకు మట్టి పేరుకుంది, నేనే ఊడ్చి వచ్చిన అన్నది. అప్పుడు మాత్రం తల ఎత్తింది. కిటికీలు మూసి ఉన్నయా అని అడిగింది.

ఆ సాయంత్రం నేనే కదిపాను. మారిపోదాం, నేను రోజూ పనికి వచ్చేటప్పుడు బస్సులో పిల్లిని తెచ్చుకుంటా, మూడింటికి సలైను పెట్టి సాయంత్రం తీసుకువస్తా అన్నాను. పట్టేవాళ్లు కావాలంటే పక్క మగ్గాలతను ఉన్నాడు. ఆమె బీడీ మూతి మడిచి, దారం చుట్టి, చాటలో పడేసింది.

"బస్సుల దాన్ని కుదిపి కుదిపి ఏం తెస్తవయ్యా. అక్కడ సాంచాల సప్పుడు లేదు. నా సవతి ఎట్ల పంటది?"

అంతే. దేవుడి పటం వెనక తాళంచెవి అక్కడే ఉంది. ఆ ఇల్లు ఆమెకు ఎంత కావాలో నాకు తెలుసు. పిల్లి ఎన్నాళ్లు బతికితే ఆమె అన్నాళ్లు ఈ గదిలో ఉంటుందని కూడా తెలుసు. ఆ రెండూ నా సూది కొస మీద ఉన్నాయని తెలుసు. తెలియడం వేరు, ఏదో ఒకటి అనిపించడం వేరు. నాకు తెలియడం దాకానే వచ్చి ఆగింది.

రెండు నెలలు నడిచింది. పిల్లి మళ్లీ తినడం మొదలుపెట్టింది. ఒకసారి నా భుజం మీదికి దూకింది కూడా. ఈసారి మా ఆవిడ కింద చేతులు పట్టింది గాని ఆ అవసరం రాలేదు.

తర్వాత దాని వీపు మీద ఒక గడ్డ లేచింది. సలైను మూపురమే దిగలేదేమో అనుకున్నాం. రెండో రోజుకు వేడిగా, గట్టిగా అయింది. ముట్టుకుంటే పిల్లి మా వైపు తిరిగి అరిచింది. అప్పటిదాకా ఒక్కసారి అరవలేదు. సంచిలో వేసుకుని డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తాం.

చీము పట్టింది అన్నది. సూది ప్రతిసారీ కొత్తదే వాడుతున్నారా అని అడిగింది. వాడుతున్నాం. చేతులు కడుగుతున్నారా. సబ్బుతో, రెండుసార్లు. మరి చేసి చూపించండి, అచ్చం అక్కడ ఎట్లా చేస్తారో అట్లాగే, అని ఒక కొత్త సూది నా చేతికిచ్చింది.

నేను కార్ఖానాలో కూర్చున్నట్టే కూర్చున్నాను. పొట్లం చింపాను. మూత తీశాను. ఎడమ చేత్తో చర్మం పట్టాను. కుడి చెయ్యి ఒక్కసారి నోటి దగ్గరికి వెళ్లి వచ్చింది.

"ఏ క్యా కర్ రహే హో కాకా?" అన్నది డాక్టరమ్మ.

ఏం చేశానో నాకే తెలియలేదు. మళ్లీ చేయమంది. మళ్లీ చేశాను. మళ్లీ చెయ్యి పెదాల దాకా పోయింది.

మగ్గం మీద పోగు తెగితే కొసను పెదాల మధ్య పెట్టి తడి చేస్తాం. తడి చేస్తే పీచు అణిగి సన్నబడుతుంది. అప్పుడే అది, పోగులను విడివిడిగా పట్టి ఉంచే అచ్చులోని సన్నటి కన్నులోంచి దూరుతుంది. రోజుకు ఎన్నిసార్లో లెక్క లేదు. దాదాపు నలభై ఏళ్లుగా సన్నది ఏదైనా సన్నటి దానిలోకి దూర్చాలంటే నా చెయ్యి ముందు నోటి దగ్గరికి పోతుంది. సూది పట్టినప్పుడూ పోయింది. రెండు నెలలు, రోజూ. చుట్టూ మగ్గాలు నడుస్తుంటే మనసు మగ్గం మీదే ఉంటుంది, చెయ్యి దాని అలవాటు అది చేసుకుపోయింది. మా ఆవిడ పిల్లి తలను చంకలో పెట్టుకుని కిందికి చూస్తూ ఉండేది. చూసినా ఆమెకు వింతగా ఉండేది కాదు. మా పేటలో ఏ మగవాడి చెయ్యయినా అట్లాగే పోతుంది.

డాక్టరమ్మ ఇంకొక్కటే అడిగింది. "మావా ఖాతే హో?"

తింటాను. కార్ఖానాలో దూది, బీడీ వెలిగించనివ్వరు. అందరం సుపారీ, సున్నం, పొగాకు నలిపి ఆ మావానే బుగ్గన పెట్టుకుంటాం. ఆ నోట్లో తడిపిన సూదినే రోజూ దాని చర్మం కింద పెట్టాను. ఆ రోజు నుంచి మావా మానేశాను అని రాస్తే బాగుంటుంది. మానలేదు.

బస్సు స్టాపు దాకా సంచిని మా ఆవిడే మోసింది. నేను తీసుకోబోతే ఇంకో భుజానికి మార్చుకుంది.

గడ్డ కోసి చీము తీశారు. మందులు రాశారు. పుండు తగ్గేదాకా వారం రోజులు వీపు ముట్టవద్దన్నారు, పక్కటెముకల దగ్గర కొంచెం కొంచెం పెట్టమన్నారు. మర్నాడు మూడింటికి మా ఆవిడ కార్ఖానాకు వచ్చి చాట కింద పెట్టి, భుజం మీది తువ్వాలు తీసి నా మూతికి కట్టింది. ముక్కు కింది నుంచి మెడ వెనక్కి, రెండు ముళ్లు. కట్టాక నా ఎదురుగా వచ్చి, నాకు కనబడేలా పెదాలు కదిపి ఒక్కొక్క మాటా అన్నది:

"పెండ్లయి ఇరవై ఎనిమిదేండ్లు. గీ రోజు కోసమే చూస్తున్న."

పక్క మగ్గాలతను మగ్గం ఆపి మరీ నవ్వాడు. నేను జవాబు చెప్పాను గానీ పెదాలు గుడ్డ వెనక ఉన్నాయి. ఎవరికీ అందలేదు. ఆ జవాబు ఏమిటో ఇప్పుడు నాకే గుర్తు లేదు.

మూతికి గుడ్డ కట్టుకున్నా చెయ్యి ఊరుకోలేదు. ప్రతిసారీ పైకి వచ్చి గుడ్డకు తగిలి ఆగేది. తగిలిన సూదిని పారేసి ఇంకొకటి తీసేవాణ్ణి.

పుండు మానింది. పిల్లి మానలేదు. ఆ వారంలో తగ్గిన నీళ్లను తర్వాత ఎంత ఎక్కించినా పూడ్చలేకపోయాం. ఒకరోజు సూది గుచ్చబోతే నిన్నటి నీళ్లు ముందు కాలి కింద సంచిలా వేలాడుతున్నాయి. ఇంకలేదు. నొక్కితే అటు పోయి ఇటు వచ్చాయి. నేను సూది పట్టుకుని కూర్చున్నాను. ఆవిడ నా మూతి గుడ్డ విప్పి భుజాన వేసుకుంది.

"బస్," అన్నది.

డాక్టరమ్మ దగ్గరికి చివరిసారి వెళ్లాం. నా నోటి వల్లేనా అని అడిగాను. కాదు కాకా, కిడ్నీలు ముందే పోయాయి, గడ్డ వల్ల కొంచెం తొందరయింది, అంతే అన్నది. ఆ కొంచెం ఎంత అని అడగలేదు. ఒక ఇంజెక్షన్ ఉందని, నొప్పి లేకుండా పోతుందని చెప్పింది. మా ఆవిడ సంచి మూతి దగ్గరికి లాక్కుని, ఇంటికి తీసుకుపోతాం అన్నది.

మర్నాడు సుట్టీ.

పొద్దున ఏడయింది, ఎనిమిదయింది, గోడ అవతల ఏమీ మొదలు కాలేదు. పిల్లి పక్క మీద పండుకోలేక పాక్కుంటూ మంచం కిందికి పోయింది. గ్లాసు పెట్టిన చప్పుడుకు ఒళ్లంతా అదిరింది. వీధిలో సైకిల్ గంట మోగితే గోడకు తల గుద్దుకుంది. మా ఆవిడ మంచం కిందికి చేయి చాపి దాని వీపు మీద పెట్టి, అట్లాగే నేల మీద పడుకుని ఉంది. కాసేపటికి నా వైపు చూడకుండానే అన్నది:

"కార్ఖానా చావీ తీస్కరా."

పాతవాణ్ణని ఒక చావీ నా దగ్గర ఉంటుంది. షట్టరు సగం ఎత్తాను. లోపల ఇరవై నాలుగు మగ్గాలు ఆగి ఉన్నాయి. అది పుట్టిన మూలమగ్గం నాదే. ఆమె దాని పక్కన చాట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నేను మెయిను వేసి హ్యాండిల్ లాగాను.

ఒక్క మగ్గం చప్పుడు ఎంతని. పెళ్లిబాజా బృందంలో అందరూ పారిపోయి ఒక్కడు డోలు కొడుతున్నట్టుంది. అయినా పిల్లి చెవులు దించింది. గడ్డం చాట అంచు మీద పెట్టి, మగ్గం వైపు చూస్తూ పండుకుంది. నేను మగ్గం ముందు నిలబడ్డాను. మగ్గం నడుస్తుంటే నాకు ఇంకెక్కడ నిలబడాలో తెలియదు. అడ్డదారం మోసే నాడె అటు పోతుంది, ఇటు వస్తుంది. తువ్వాలు అవుతోంది.

పైన ఉండే కార్ఖానా సేటు దిగివచ్చాడు. నాకంటే చిన్నవాడు, మావాడే, వాళ్ల నాన్న దగ్గర పనిలో చేరాను నేను.

"సుట్టీ రోజు సాంచా సప్పుడేంది కాకా. దొంగలు పడ్డరనుకున్న."

"దొంగలైతే పనెందుకు చేస్తరు సేటూ," అన్నాను.

నవ్వబోయి, కింద కూర్చున్న మా ఆవిడను, చాటను చూశాడు. చెప్పులు చేతిలో పట్టుకుని పైకి వెళ్లిపోయాడు. ఆ చప్పుడులో చెప్పులు చేతిలో ఎందుకు పట్టుకున్నాడో అతనికే తెలియాలి.

ఎంతసేపు నిలబడ్డానో చెప్పలేను. నాడె చూస్తూనే ఉన్నాను. భుజం మీద చెయ్యి పడితే వెనక్కి తిరిగాను. మా ఆవిడ లేచి నిలబడి ఉంది. చాట మీద నిండా తువ్వాలు కప్పి ఉంది.

"సాంచా బంద్ చెయ్యి. ఇంక ఎవరి కోసం నడుపుతున్నవ్?"

హ్యాండిల్ తోశాను. అప్పుడు గుడ్డ వైపు చూశాను. నాడెలోని కండెలో దారం ఎప్పుడో అయిపోయింది. ఖాళీ నాడెనే అటూ ఇటూ పోతూ వచ్చింది. దారం అయిపోతే తనంతట తాను ఆగే ఏర్పాటు ఆ పాత మగ్గానికి ఏనాడో పాడైంది, మనిషే చూసుకోవాలి. అడ్డంగా పడే పేక లేకుండా నిలువు పోగుల పడుగు ఒక్కటే ముందుకు సాగి, నేసిన తువ్వాలు అంచు నుంచి మూరెడు పొడవున వట్టి పోగులు వేలాడుతున్నాయి. మూరెడు సాగాలంటే ఐదారు నిమిషాలు పడుతుంది. పిల్లి పోయి కూడా ఐదారు నిమిషాలే అయిందని మా ఆవిడ తర్వాత చెప్పింది. నేను కళ్లు తెరుచుకుని నాడె వైపే చూస్తూ ఉన్నాను. మగ్గం ముందు నిలబడి దారం అయిపోయిన సంగతి చూడకపోవడం నా పనిలో అదే మొదటిసారి.

పేటలో పూడ్చడానికి మట్టి ఎక్కడిది, అంతా బండలే. అదే సంచిలో పెట్టుకుని కుంభారి బస్సు ఎక్కాం. సంచిలో ఏంది అని కండక్టరు అడిగాడు. తువ్వాళ్లు అన్నాను. అబద్ధం కాదు, పైన రెండున్నాయి. కాలనీ చివర, మా ఇంటి వెనక గోడకు అవతల, ముళ్లచెట్ల పక్కన గుంట తీశాను. మట్టి కొత్తది, తేలిగ్గా తెగింది. కప్పేశాక మా ఆవిడ నడుముకు కట్టుకున్న తాళంచెవి తీసి, వెనక తలుపు నుంచి ఇంట్లోకి వెళ్లి, కొత్త కుళాయి కింద కాళ్లూ చేతులూ కడుక్కుంది.

"నాకంటే ముందు నా సవతే గృహప్రవేశం చేసె," అన్నది.

అంత మంచి జోకు నేనెప్పుడూ వేయలేదు. నవ్వు రాలేదు. ఏడుపూ రాలేదు. నీళ్లు బాగా వస్తున్నాయి, వత్తిడి బాగుంది అన్నాను.

మర్నాడు సేటు మగ్గం దగ్గర ఆగి ఆ వట్టి పోగులను చేత్తో కొలిచాడు. మోచేయి నుంచి వేలి కొస దాకా వచ్చాయి. నీ చేతిల గిట్లయితదని ఎన్నడూ అనుకోలేదు కాకా, అన్నాడు. తర్వాత, కోసి ఇంటికి తీసుకుపో అన్నాడు. కోశాను.

ఇప్పుడు కుంభారిలో ఉంటున్నాం. పొద్దున బస్సులో దాజీ పేట్ వస్తాను, సాయంత్రం పోతాను. అక్కడ చప్పుడు లేదు. గ్లాసులు కదలవు. మొదట్లో మా ఆవిడ రోజంతా టీవీ పెట్టి బీడీలు చుట్టేది, ఇప్పుడు తగ్గించింది. మిగిలిన సూది పొట్లాలు డాక్టరమ్మకు ఇచ్చివేశాను. ఎర్ర పోగులున్న సీసాను మా ఆవిడ నీళ్లు పోసి తులసి కుండీ పక్కన పెట్టింది.

ఆ తువ్వాలు కుళాయి దగ్గర మేకుకు వేలాడుతుంది. ఒక వైపు వేలెడు కుచ్చు, ఇంకో వైపు మూరెడు. చూసినవాళ్లంతా ఇదేం డిజైను అని అడుగుతారు. ఒకరికి దుబాయ్ ఆర్డరు అని చెప్పాను. ఒకరికి, తుడుచుకునే ముందు దులుపుకోవడానికి అన్నాను. ఇంకొకరికి మగ్గం మీద నాకు నిద్ర పట్టిందని చెప్పాను, ఈ మూడింటిలో జనం నమ్మింది అదొక్కటే. మా ఆవిడ లోపలి నుంచి వింటూ ఉంటుంది. ఎవరైనా దాంతో చేతులు తుడుచుకోబోతే మాత్రం లేచి వచ్చి, ఇంకో తువ్వాలు ఇస్తుంది.